కాపలా లేని గుమ్మం

కణం కథ – 14వ భాగం

2013 ఏప్రిల్. సౌదీ అరేబియాలో తూర్పు వైపున్న హుఫూఫ్ పట్టణం. అక్కడి ఒక ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో ఒకరి తర్వాత ఒకరికి జ్వరం తగులుకుంటోంది. డయాలసిస్ సంగతి మనకూ తెలిసిందే. వారానికి మూడుసార్లు రావాలి, వచ్చినప్పుడల్లా మూడు నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. పక్క మంచం మీద ఎప్పుడూ ఆ మనిషే. కొన్నాళ్లకు ఒకరి కష్టసుఖాలు ఒకరికి తెలిసిపోతాయి. ఒకరి దగ్గూ ఒకరికి అందుతుంది. ముందు జ్వరం, ఆ వెంటే దగ్గు, తర్వాత ఆయాసం, చాలామందికి చివరికి వెంటిలేటర్.

ఏప్రిల్ 1 నుంచి మే 23 దాకా, హుఫూఫ్ ఉన్న అల్ అహ్సా ప్రాంతంలో 23 మందికి ఆ జబ్బు ఉన్నట్టు ల్యాబ్ పరీక్షల్లో తేలింది. జూన్ 12 నాటికి వాళ్లలో 15 మంది చనిపోయారు. అప్పటికి దానికి పేరు కూడా సరిగా కుదరలేదు. ఆ మే నెలలోనే మెర్స్ అని, అంటే మధ్యప్రాచ్యపు శ్వాసకోశ జబ్బు అని, ఖాయం చేశారు. ఊహాన్ పేరు ప్రపంచం వినడానికి ఇంకా ఆరేళ్లకు పైగా ఉంది.

పోయిన సంచికలో కేంద్రకం చుట్టూ ఉన్న జంటపొర దగ్గర ఆగాం. ఈసారి దాన్ని దాటి లోపలికి వెళ్లాలి. ఏది లోపలికి వెళ్తుంది, ఏది బయటికి వస్తుంది, ఎవరు తేలుస్తారు అన్నది ఈ భాగం కథ. దాన్ని కేంబ్రిడ్జ్ నుంచో న్యూయార్క్ నుంచో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను హుఫూఫ్ నుంచి మొదలుపెట్టాను. కారణం కాస్త ముందుకు వెళ్తే తెలుస్తుంది.

సౌదీ వెళ్లొచ్చినవాళ్లకు హుఫూఫ్ కొత్త పేరు కాదు. రియాద్–దమ్మామ్ రైలు అక్కడ ఆగుతుంది, 1951 నాటి లైను అది. చుట్టూ ఇసుక, నడుమ ఊటనీళ్లు, ఆ నీళ్ల మీద బతికే పాతిక లక్షల ఖర్జూరపు చెట్లు. 2018లో యునెస్కో ఈ ఒయాసిస్సుని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఖలాస్ ఖర్జూరం మాదేనని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. పాత బజారు ఖైసరియా, ఒకప్పుడు టర్కీ సైన్యం మకాం ఉన్న ఇబ్రహీం కోట, ఒంటెల సంత, పక్కనే ఘవార్ చమురు క్షేత్రం. ఈ ఒంటెల్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

జబ్బు ఎలా పాకుతోందో తేల్చడానికి సౌదీ ఆరోగ్యశాఖ బయటి నిపుణుల్ని పిలిచింది. టొరంటో నుంచి ఆలిసన్ మగీర్ వచ్చారు. 2003లో టొరంటోలో సార్స్ విరుచుకుపడ్డప్పుడు రోగుల్ని చూస్తూ తానే సార్స్ బారిన పడి కోలుకున్న డాక్టరు ఆమె. అమెరికా నుంచి ట్రిష్ పెర్ల్ వచ్చారు. సౌదీ తరఫున అబ్దుల్లా అసీరి, జియాద్ మెమిష్. వీళ్లు చేసిన పని వినడానికి చిన్నదే. ఎవరు ఏ రోజు ఏ మంచం మీద ఉన్నారు, పక్కన ఎవరున్నారు, ఏ రోజు ఏ వార్డుకి మారారు, ఎవరిని ఏ ఆసుపత్రికి పంపారు అన్నవన్నీ రాసుకుని ఒకదాని కింద ఒకటి పేర్చారు. లెక్క తేలింది. 23 కేసుల్లో 21 మూడు ఆసుపత్రుల్లోని డయాలసిస్ గదుల్లో, ఐసీయూల్లో, వార్డుల్లో మనిషి నుంచి మనిషికి అంటుకున్నవి. రోగుల ఇళ్లల్లో 217 మందిని గమనిస్తే జబ్బుపడింది ఐదుగురే. సిబ్బంది 200 మందికి పైగా ఉంటే ఇద్దరికే. బయట అంత తేలిగ్గా అంటని వైరస్సు, బలహీనంగా ఉన్నవాళ్లు గంటల తరబడి పక్కపక్కనే పడుకునే చోట మాత్రం మనుషుల్ని వరసగా పట్టుకుంది. అదే ఏడు మాథ్యూ కాటన్ తదితరులు వైరస్ జన్యుక్రమాలు చదివి, అల్ అహ్సా ఆసుపత్రుల్లోకి ఇది ఒకసారి కంటే ఎక్కువే ప్రవేశించి ఉండొచ్చని చెప్పారు.

అంతకు ముందటి ఏడు, 2012 జూన్‌లో, జెద్దాలో అలీ మొహమ్మద్ జకీ అనే ఈజిప్టు వైరాలజిస్టు ఈ వైరస్‌ని మొదటగా పట్టుకున్నాడు. న్యుమోనియాతో చేరి జూన్ 24న చనిపోయిన 60 ఏళ్ల రోగి కఫంలో అది దొరికింది. తెలిసిన పరీక్షలన్నీ చేసి ఏదీ కలవకపోయేసరికి నమూనాని నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌కి, రాన్ ఫౌషియర్‌కి పంపాడు. అది కొత్త కరోనావైరస్ అని అక్కడ తేలింది. సెప్టెంబర్ 20న జకీ ఆ సంగతిని ప్రపంచానికి తెలియజేశాడు. ఆ తర్వాత సౌదీ వదిలి స్వదేశం వెళ్లిపోయాడు.

వైరస్ మన కణాన్ని ఏ కొక్కెం పట్టుకుని ఎక్కుతుందో 2013 మార్చిలో తెలిసింది. అదీ రోటర్‌డామ్ నుంచే. ఆ వ్యాసంలో మొదటి పేరు వి. స్టాలిన్ రాజ్. కొక్కెం పేరు డీపీపీ4. షుగరు ఉన్నవాళ్లకు ఈ అక్షరాలు తెలిసే ఉండాలి, మందులషాపులో దొరికే గ్లిప్టిన్ బిళ్లలు అడ్డుకునేది ఈ డీపీపీ4నే. మనిషిలో అది ఊపిరితిత్తుల లోతట్టున, కిడ్నీల్లో ఎక్కువ. గొంతులో, ముక్కులో తక్కువ. ఇళ్లల్లో తేలిగ్గా అంటకపోవడానికి ఇది ఒక కారణమని చాలామంది అంటారు.

ఇక్కడిదాకా వైద్యం. ఇక మన కథ.

కరోనావైరస్ ఆర్‌ఎన్‌ఏ వైరస్. దాని వారసత్వ దస్త్రం దాదాపు 30,000 అక్షరాలు. కణంలోకి దిగాక అది చేసే పనంతా కేంద్రకం బయట, కణద్రవ్యంలోనే జరుగుతుంది. ఆర్‌ఎన్‌ఏని చదివించుకోవడం అక్కడే, నకళ్లు తీసుకోవడం అక్కడే, కొత్త వైరస్సులుగా కూర్చుకోవడమూ అక్కడే. హెర్పిస్‌లాగా, హెచ్‌ఐవీలాగా కేంద్రకంలోకి వెళ్లాల్సిన అవసరం దానికి లేదు. అయితే మెర్స్ వైరస్ తయారుచేసే 4బి అనే 246 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌కి రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఎక్కువభాగం కేంద్రకంలో మెరుస్తోంది. 2014లో మాథ్యూస్, ఫ్రీమన్ తదితరులు అది అచ్చువేశారు. కేంద్రకంతో పనే లేని వైరస్ తన ప్రోటీన్‌ని అక్కడికి ఎందుకు పంపుతున్నట్టు?

జవాబుకి 60 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. రాబర్ట్ బ్రౌన్ 1831లో ఆర్కిడ్ మొక్కల్లో కేంద్రకాన్ని గుర్తించి దానికి పేరు పెట్టాడు గానీ, దాని పొరకి చిల్లులున్నాయని తెలియడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రావలసి వచ్చింది. 1950లో క్యాలన్, టామ్లిన్ అనే ఇద్దరు ఉభయచరాల గుడ్డుకణాల కేంద్రకాన్ని వొలిచి పొరని చూస్తే, గుండ్రటి రంధ్రాలు కిక్కిరిసి కనబడ్డాయి. ఒక్కో రంధ్రం చుట్టూ ఉన్న నిర్మాణం అడ్డంగా దాదాపు 120 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు కంటే కాస్త ఎక్కువ. ఎనిమిది రేకల పొందిక. దాదాపు 30 రకాల ప్రోటీన్లు ఎనిమిది చొప్పున, పదహారు చొప్పున కూడి ఒక్కో రంధ్రాన్ని కడతాయి. మన కణంలో ఒక్కో కేంద్రకానికి ఇలాంటివి వేలల్లో ఉంటాయి. ఆ పొరకి లోపలివైపు అంటిపెట్టుకుని లామిన్ అనే ప్రోటీన్ల అల్లిక ఉంటుంది. హైదరాబాద్ సీసీఎంబీలో వీణా పర్నాయక్ ఏళ్ల తరబడి పరిశోధించింది ఆ లామిన్ల మీదే.

చిన్న అణువులు ఈ రంధ్రాల్లోంచి వాటంతట అవే వెళ్లిపోతాయి. దాదాపు 40 కిలోడాల్టన్లు దాటిన ప్రోటీన్‌కి ఆ దారి మూసుకుపోతుంది. అంతకంటే పెద్దవాటిని ఎవరు పంపిస్తున్నారు?

1982లో కేంబ్రిడ్జ్‌లో కాలిన్ డింగ్వాల్, రాన్ లాస్కీ బృందం చేసిన ప్రయోగం నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే ముచ్చటగా అనిపిస్తుంది. ఖరీదైన యంత్రాలేమీ లేవు, కప్పగుడ్లు, సూది, రేడియోధార్మిక గుర్తు పెట్టిన ఒక ప్రోటీన్, అంతే. ఆఫ్రికా కప్ప గుడ్డుకణంలో న్యూక్లియోప్లాస్మిన్ అనే ప్రోటీన్ ఉంది. ఐదు ఒకేరకం ముక్కలు కలిసి ఒక గుత్తి. ఒక్కో ముక్కకి ఒక తోక. జీర్ణరసంలో ఉండేలాంటి ఎంజైముతో తోకలు కత్తిరించి, మిగిలిన గుత్తిని కణద్రవ్యంలోకి ఎక్కించారు. అది అక్కడే ఉండిపోయింది. తోకలు మాత్రమే ఎక్కిస్తే అవి చకచకా కేంద్రకంలోకి వెళ్లిపోయాయి. ఐదింట్లో ఒక్క తోక మిగిల్చినా గుత్తి మొత్తం లోపలికి వెళ్లింది. ఇక చివరి మెట్టు. తోక లేని గుత్తిని సూదితో నేరుగా కేంద్రకంలోకే ఎక్కించారు. అది బయటికి రాలేదు, లోపలే ఉంది. అంటే లోపల ఇమడడానికి తోక అక్కర్లేదు, గుమ్మం దాటడానికే కావాలి. తోక లేనిది ఏ వైపు ఉంటే ఆ వైపే ఉండిపోతుంది.

రెండేళ్ల తర్వాత ఫెల్డెర్ అనే శాస్త్రవేత్త బంగారు రేణువులకి ఈ న్యూక్లియోప్లాస్మిన్ పూత పూసి కణంలోకి ఎక్కించాడు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాల్లో ఆ నల్లటి చుక్కలు సరిగ్గా రంధ్రాల నడుమ వరసకట్టి కనబడ్డాయి. లోపలికి దారి రంధ్రాల గుండానే అని ఇక ఎవరికీ అనుమానం లేకుండా పోయింది.

అదే 1984లో లండన్ శివారు మిల్‌హిల్‌లో డేనియల్ కాల్డెరన్, అలాన్ స్మిత్ తదితరులు తోకలో ఏముందో అక్షరాలా చదివారు. వాళ్లు తీసుకున్నది ఎస్‌వి40 అనే కోతి వైరస్ ప్రోటీన్, 708 అమైనో ఆమ్లాల పొడవు. అందులో ఏడంటే ఏడు చాలు: ప్రోలీన్, లైసిన్, లైసిన్, లైసిన్, ఆర్జినిన్, లైసిన్, వాలీన్. మూడో చోట ఉన్న లైసిన్ ఒక్కటి మారిస్తే అంత పెద్ద ప్రోటీన్ గుమ్మం బయటే ఆగిపోతుంది. ఆ ఏడింటినీ తెచ్చి, ఎప్పుడూ కణద్రవ్యం వదలని పైరువేట్ కైనేజ్ అనే కోడికండరపు ఎంజైముకి అతికిస్తే అది కేంద్రకంలో తేలింది.

సౌదీలో పనిచేసే మనవాడికి ఇకామా అనే నివాసపు కార్డు ఎంతో ప్రోటీన్‌కి ఆ ఏడక్షరాలు అంత. మనిషి ఎవరు, ఎంత లావు, ఏం పనిచేస్తాడు అన్నది కాదు, చేతిలో కార్డు ఉందా లేదా. అయితే ఈ పోలిక ఇక్కడిదాకానే. రియాద్ రోడ్డు మీద చెక్‌పోస్టులో ఇకామా అడిగే పోలీసు ఉంటాడు. కేంద్రకం గుమ్మంలో అలా అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఈ ముక్క తెలియడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

1990లో కాలిఫోర్నియాలో స్టీఫెన్ ఆడమ్, లారీ జెరేస్ తదితరులు డిజిటోనిన్ అనే మొక్క రసాయనంతో కణం బయటి పొరకి చిల్లులు పొడిచారు. డిజిటోనిన్ కొలెస్టరాల్ ఎక్కువున్న పొరనే పట్టుకుంటుంది కాబట్టి కేంద్రకం పొర చెక్కుచెదరలేదు. కణద్రవ్యం అంతా కారిపోయింది. అప్పుడు ఏడక్షరాల గుర్తున్న ప్రోటీన్ వేస్తే అది లోపలికి వెళ్లలేదు. వేరే కణాల నుంచి తీసిన ద్రవ్యం పోస్తే వెళ్లింది. అంటే గుర్తు చదివేది రంధ్రం కాదు, ఆ ద్రవ్యంలో తేలే ఇంకేదో. దాన్ని ముక్కలు ముక్కలుగా శుద్ధి చేసి 1994లో డిర్క్ గోర్లిక్ పట్టుకున్నాడు. ఇంపోర్టిన్ అని పేరు పెట్టాడు. అది నిజానికి ఒకటి కాదు, జంట. ఆల్ఫా వచ్చి సరుకు మీది గుర్తుని పట్టుకుంటుంది, బీటా వచ్చి ఆల్ఫాని పట్టుకుంటుంది. రంధ్రం లోపల తీరూతెన్నూ లేని ప్రోటీన్ దారాలు వేలాడుతుంటాయి, వాటి నిండా ఫినైలాలనిన్–గ్లైసీన్ జంటలు. బీటా ఆ జంటల్ని తాకుతూ వదులుతూ దూరిపోతుంది. ఇలా సరుకు మోసేవాటికి తప్ప మిగతా పెద్ద ప్రోటీన్లకి అది చేతకాదు. ఒక్క రంధ్రం సెకనుకి దాదాపు వెయ్యి ప్రయాణాలు నడపగలదని 2001లో లెక్క కట్టారు. ఆ దారాలు జిగురుముద్దలా అడ్డుపడతాయా, గాలికి ఊగే గడ్డిలా తోసేస్తాయా అని గోర్లిక్ వర్గానికీ, న్యూయార్క్‌లో మైకేల్ రౌట్ వర్గానికీ మధ్య మొదలైన వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ఇద్దరి ప్రయోగాలూ బాగానే ఉన్నాయి. బహుశా ఇద్దరిదీ నిజమే.

సరే, లోపలికి దూరింది. మళ్లీ అదే దారిన వెనక్కి ఎందుకు రాదు? రంధ్రానికి అటూ ఇటూ తేడా లేదు కదా?

తేడా రంధ్రంలో లేదు, రెండు వైపులా ఉన్న నీళ్లలో ఉంది. రాన్ అనే చిన్న ప్రోటీన్ ఒకటి ఉంది. 1993లో మేరీ మూర్, గుంటర్ బ్లోబెల్ ఒకవైపు, జెరేస్ వర్గం ఇంకోవైపు, ఇది లేకపోతే రవాణా ఆగిపోతుందని చూపించారు. రాన్ జీటీపీని పట్టుకుని ఉంటే ఒక తీరు, జీడీపీని పట్టుకుని ఉంటే ఇంకో తీరు. జీటీపీ అంటే కణంలో శక్తిని మోసే ఏటీపీకి దగ్గర చుట్టం. ఆ ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి కండరాల నుంచి వేరుచేసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రాన్‌కి జీటీపీ తొడిగే ప్రోటీన్ ఆర్‌సీసీ1, అది క్రోమాటిన్‌కి అతుక్కుని కేంద్రకంలోనే ఉంటుంది. జీటీపీని విరిచి జీడీపీ చేయించే ప్రోటీన్ కణద్రవ్యంలోనే ఉంటుంది. అందువల్ల గుమ్మానికి లోపలివైపు రాన్-జీటీపీ దండిగా, బయటివైపు దాదాపు శూన్యం. బీటా సరుకుతో లోపలికి రాగానే రాన్-జీటీపీ వచ్చి దాన్ని పట్టుకుంటుంది, సరుకు ఊడిపోతుంది. ఖాళీ బీటా రాన్‌తో పాటు బయటికి వస్తుంది, అక్కడ జీటీపీ విరిగి బీటా విడుదలవుతుంది, మళ్లీ సరుకు పట్టుకోవడానికి సిద్ధం. దారి ఒకటే, దిక్కుని తేల్చేది అటూ ఇటూ ఉన్న రాన్ తేడా.

ఇది నిజమేనా అని 1999లో మాక్స్ నషురీ, కార్స్టెన్ వైస్ తిరగేసి చూశారు. డిజిటోనిన్‌తో తెరిచిన కణాల్లో బయటివైపు రాన్-జీటీపీ పోశారు. గుమ్మం దిక్కు మార్చుకుంది, సరుకు తిరుగు ప్రయాణం కట్టింది. ఇదంతా కట్టుబాటో కాపలానో కాదు, రెండువైపుల రసాయన తేడా అని అంతకంటే తేటగా ఎవరూ చూపలేదు.

బయటికి వెళ్లే దారి కథ దీనికి తలకిందులు. 1995లో హెచ్‌ఐవీ వైరస్ రెవ్ ప్రోటీన్‌లోనూ, కణం సొంత ప్రోటీన్ ఒకదానిలోనూ బయటికి వెళ్లే గుర్తు దొరికింది. 1997లో నాలుగు ప్రయోగశాలలు దాదాపు ఒకేసారి దాన్ని చదివే ఎక్స్‌పోర్టిన్-1ని పట్టుకున్నాయి. ఎక్స్‌పోర్టిన్ రాన్-జీటీపీ ఉన్నప్పుడే సరుకుని గట్టిగా పట్టుకుంటుంది, బయటికి రాగానే వదిలేస్తుంది. అంటే బరువు ఎత్తుకోవడం లోపల, దించడం బయట. జపాన్‌లో మట్టి బ్యాక్టీరియా నుంచి దొరికిన లెప్టోమైసిన్ ఈ ఎక్స్‌పోర్టిన్‌నే కట్టేస్తుందని తెలిశాక మందుల కంపెనీలు దీనిమీద పడ్డాయి. ఎముకమజ్జ క్యాన్సర్ ఒక రకానికి వాడే సెలినెక్సార్ ఆ వంశంలోదే, 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎంఆర్‌ఎన్‌ఏకి మాత్రం దారి వేరు, ఎన్‌ఎక్స్‌ఎఫ్1 అనే ఇంకో ప్రోటీన్ దాన్ని బయటికి చేరుస్తుంది, దానికి రాన్‌తో పని లేదు. ఎంఆర్‌ఎన్‌ఏ కథ ఒక భాగమంత ఉంది, ఇక్కడ ఇరికించను.

ఇప్పుడు మళ్లీ మెర్స్ వైరస్. దానికి పగవాడు కణం లోపలే ఉంటాడు. 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ కనిపెట్టిన ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్ అది. మామూలుగా అది కణద్రవ్యంలో, ఐకప్పాబి అనే తోడుప్రోటీన్ కింద, కేంద్రకపు గుర్తు కప్పబడి ఉంటుంది. వైరస్ చొరబడ్డట్టు కణానికి తెలిస్తే ఆ తోడుప్రోటీన్‌ని విరగ్గొట్టేస్తుంది. గుర్తు బయటపడుతుంది, ఇంపోర్టిన్ ఆల్ఫా పట్టుకుంటుంది, ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్లి ఇంటర్ఫెరాన్, సైటోకైన్ జన్యువుల్ని లేపుతుంది. చుట్టుపక్కల కణాలు అప్రమత్తమవుతాయి. కణం ఎదిరించాలంటే ఈ సందేశం గుమ్మం దాటి తీరాలి.

2018లో మాడ్రిడ్‌లో హవియర్ కాంటన్, లూయిస్ ఎన్హువానెస్, ఇసబెల్ సోలా తదితరులు 4బి కేంద్రకంలోకి ఎందుకు వెళ్తుందన్న ప్రశ్నకి జవాబు పట్టారు. జెద్దా నమూనా నుంచి వచ్చిన మెర్స్ జన్యుక్రమాన్ని వాళ్లు ప్రయోగశాలలో తిరిగి కట్టి ఉంచుకున్నారు. అందులో 4బి జన్యువు తీసేసిన వైరస్ ఒకటి, 4బి ఉన్నా దాని కేంద్రకపు గుర్తు చెడగొట్టిన వైరస్ ఇంకొకటి తయారుచేసి, మనిషి కణాలకి అంటించారు. రెండింట్లోనూ కణం ఎదురుతిరగడం పెరిగింది, సైటోకైన్లు ఎక్కువగా తయారయ్యాయి. కారణం వెతికితే, 4బి పోయి అతుక్కునేది ఇంపోర్టిన్ ఆల్ఫా కుటుంబంలోని ఒక రకానికి, ఎన్‌ఎఫ్-కప్పా-బిని మోసుకెళ్లే రకానికే. ఎన్‌ఎఫ్-కప్పా-బికి చోటు మిగలదు. 4బి లోపలికి వెళ్లి ఏం చేస్తుందన్నది ఒక ప్రశ్న, అది గుమ్మం దాటించే చేతిని ఖాళీగా ఉంచకపోవడమే సగం పని అన్నది వాళ్ల ప్రయోగాల సారం. గుమ్మం పగలగొట్టలేదు, పొర చింపలేదు. తన దగ్గరా సరైన గుర్తు ఉందని చూపించి ఆ చేతిని తీసేసుకుంది.

ఈ వైరస్ అక్కడితో ఆగలేదు. ఎన్‌ఎస్‌పీ1 అనే ఇంకో ప్రోటీన్ ఉంది. 2015లో టెక్సాస్‌లో కుమారి లోకుగమగే, కృష్ణ నారాయణన్, షింజీ మకీనో తదితరులు దాని పని తేల్చారు. కేంద్రకంలో పుట్టి గుమ్మం దాటి వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏలను అది ఆపి, కొన్నిటిని ముక్కలు చేస్తుంది. కణద్రవ్యంలోనే పుట్టినవాటి జోలికి పోదు. వైరస్ సొంత ఎంఆర్‌ఎన్‌ఏలు కణద్రవ్యంలోనే పుడతాయి కదా. ఇంటర్ఫెరాన్ సందేశం మాత్రం కేంద్రకం నుంచి రావాలి. ఎక్కడ పుట్టిందన్న తేడాని ఒక చిన్న ప్రోటీన్ ఎలా గుర్తుపడుతోందో చదివినప్పుడల్లా నాకు విస్మయమే.

తోటి కరోనావైరస్సులూ ఇదే గుమ్మం మీద కన్నేశాయి, తలో పద్ధతిలో. 2003 నాటి సార్స్‌లో ఆర్ఫ్6 అనే ప్రోటీన్ ఇంపోర్టిన్ ఆల్ఫాని కణద్రవ్యంలోని పొరలకి కట్టిపడేస్తుందని 2007లో ఫ్రీమన్, రాల్ఫ్ బారిక్ తదితరులు చూపారు. దాంతో స్టాట్1 అనే రక్షణ సందేశం లోపలికి అందదు. 2020 నాటి కోవిడ్ వైరస్ ఆర్ఫ్6 రంధ్రంలోని నప్98 అనే ప్రోటీన్‌నే పట్టుకుని స్టాట్ల దారి మూస్తుందని అదే ఏడు తేలింది. మెర్స్ మోసేవాణ్ని పక్కకి లాక్కుంటుంది, సార్స్ మోసేవాణ్ని కట్టేస్తుంది, కోవిడ్ వైరస్ రంధ్రం అంచునే ఆక్రమిస్తుంది. మూడింటికీ కావలసింది ఒకటే, సందేశం లోపలికి చేరకూడదు.

ఇక ఒంటెలు. హుఫూఫ్‌లో కింగ్ ఫైసల్ విశ్వవిద్యాలయం ఉంది, 1975లో పెట్టింది. అక్కడి పశువైద్య శాస్త్రవేత్త మాజిద్ హెమీదా, హాంకాంగ్‌కి చెందిన మాలిక్ పీరిస్ కలిసి అల్ అహ్సా ప్రాంతంలోని ఒక ఒంటెల మందని 2013–14 ఈత కాలంలో వరసగా పరీక్షించారు. దూడలకీ పెద్ద ఒంటెలకీ కూడా మెర్స్ వైరస్ సోకింది. ముక్కు నమూనాల్లో ఎక్కువగా, పేడలో తక్కువగా దొరికింది. ముందే యాంటీబాడీలున్న ఒంటెల్నీ అది వదల్లేదు. ఆ ఒంటెలకు దాని వల్ల పెద్ద బాధ లేదు. జబ్బు మనిషిదే.

పీరిస్ వర్గం ఆఫ్రికా ఒంటెల్నీ చూసింది. బుర్కినాఫాసో, నైజీరియా, మొరాకో ఒంటెల్లో దొరికిన మెర్స్ వైరస్సులు ఒక శాఖగా వేరుపడి ఉన్నాయని, వాటిలో 4బి జన్యువుకి కోతపడిందని 2018లో రాశారు. బుర్కినాఫాసో, నైజీరియా వైరస్సులు మనిషి ఊపిరితిత్తి కణజాలంలో సౌదీ వైరస్ అంత జోరుగా పెరగలేదు. 4బి తీసేసిన జెద్దా రకం వైరస్‌కి కణాలు ఎక్కువ ఇంటర్ఫెరాన్‌తో బదులిచ్చాయి. ఇంతటితో కథ చక్కగా అతికిపోయిందనుకునేలోపు అదే వ్యాసంలో వాళ్లే ఒక మాట కలిపారు: ఆఫ్రికా వైరస్సుల నెమ్మదితనానికి 4బి కోత ప్రధాన కారణం కాకపోవచ్చు. ఆ వైరస్సుల్లో మారిన మిగతా చోట్లలో ఏది దానికి కారణమో ఆ తర్వాతి పరిశోధనలు వెతుకుతున్నాయి.